ఒకే మాట – వేరు వేరు గోత్రాలు

(బి.ఎస్సి., బి.జెడ్.సి. ఫైనలియర్ విద్యార్థి)

వృక్షశాస్త్రం చదివే మాబోటివాళ్లకు హెర్బేరియం షీట్లు తయారుచేసే పని ఒకటుంటుంది. మొక్కను పాత పేపర్ల మధ్య అదిమి ఎండబెట్టి, అట్టకు కుట్టి, కింద మూలన చీటీ అంటించి శాస్త్రీయ నామం రాయాలి. మొక్కజొన్న షీటు కింద ‘జియా మేస్’ అని రాస్తాం. మా కరీంనగర్ వైపు వాటిని మక్కలంటారు, గుంటూరు మిత్రులు మొక్కజొన్న అంటారు. ఎవరేమన్నా శాస్త్రజ్ఞులకు మాత్రం అది జియా మేసే. 1753లో స్వీడను దేశస్థుడు లిన్నేయస్ పెట్టిన పేరది. పరీక్ష కోసం ఆ పేరు బట్టీపట్టడం అందరం చేసేదే. ‘మేస్’ అంటే ఏమిటని లైబ్రరీలో నిఘంటువులు తిరగేస్తే మాత్రం తమాషా సంగతులు బయటపడ్డాయి. వాటిని పాఠక మిత్రులకు చెబుదామనే ఈ వ్యాసం.

రోమను అక్షరాల్లో ఎం, ఏ, ఐ, ఎస్ – ఈ నాలుగూ వరుసగా రాసి ఒక కాగితం మీద పెట్టండి. దాన్ని ఫ్రెంచివాడికి చూపిస్తే ‘మె’ అని చదివి, ‘కాని’ అని అర్థం చెబుతాడు. లిస్బన్ నగరంలో పోర్చుగీసువాడు ‘మాయిష్’ అని చదివి ‘ఎక్కువ, ఇంకా’ అంటాడు. జర్మనువాడు ‘మైస్’ అంటాడు, అతనికవి మక్కలు. ఇటలీవాడికీ మక్కలే. బాల్టిక్ సముద్రం ఒడ్డున ఎస్తోనియా అని చిన్న దేశముంది. అక్కడివాడు దాన్ని ‘మక్కలు’ అనీ చదువుతాడు, ‘మే నెలలో’ అనీ చదువుతాడు. అక్షరాలు నాలుగే, అర్థాలూ నాలుగు. ఇది ఒక మాటేనా, నాలుగు మాటలా? నాలుగైతే వాటికి ఏమైనా చుట్టరికముందా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు మిమ్మల్ని ఒకసారి మా చేను గట్టు మీదికి తీసుకుపోవాలి. గట్టున కంచెగా బొమ్మజెముడు ఉంటుంది, నాగజెముడు ఉంటుంది. రెండూ లావుగా, ఆకుల్లేకుండా, ముళ్లతో ఉంటాయి. మన పెద్దలు రెంటికీ ‘జెముడు’ అనే పేరు పెట్టారు. కొడవలితో ఒక గాటు పెట్టి చూడండి. బొమ్మజెముడు నుంచి తెల్లటి పాలు కారుతవి. నాగజెముడు నుంచి పాలు రావు. మొదటిది ఈ దేశపు మొక్క, దాని అసలు చుట్టం ఏ పోలికా లేని మన ఆముదం చెట్టు. రెండోది అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చింది. ఎండకూ కరువుకూ ఓర్చుకొనే క్రమంలో రెండూ ఒకే రూపానికి వచ్చాయి తప్ప వాటికి దగ్గరి బంధుత్వం లేదు. మా జువాలజీలో దీన్ని సాదృశ్యం అంటారు. పక్షి రెక్కా, తూనీగ రెక్కా లాంటిదన్నమాట. మాటల్లోనూ సరిగ్గా ఇంతే. పోలిక చూసి చుట్టరికం కలపకూడదు, గాటు పెట్టి చూడాలి. ఆ గాటు ఏమిటంటే – పాత రాతలు, ధ్వనులు మారే సూత్రాలు, ఆ వస్తువు ఆ దేశానికి ఎప్పుడు వచ్చిందన్న చరిత్ర.

ముందు పోర్చుగీసు మాట తీసుకొందాం. లాటినులో ‘మగిస్’ అని ఒక మాట ఉంది. ‘ఎక్కువగా’ అని అర్థం. కాలక్రమాన నడుమనున్న ‘గ’ అరిగిపోయి ‘మాయిస్’ అయింది. ఇది ఈ ఒక్క మాటకే జరిగి ఉంటే కాకతాళీయం అనుకోవచ్చు. కాని లాటిను ‘రెగీనా’ ఫ్రెంచిలో ‘రెన్’ అయింది, పోర్చుగీసులో ‘రయీన్య’ అయింది. రెండు చోట్లా ‘గ’ పోయింది. (ఈ రెగీనా, మన రాణి చుట్టాలే. అది వేరే కథ.) స్పెయిన్‌వాళ్లకు మిగిలింది ‘మాస్’. రుమేనియావాళ్లకు ‘మై’. అన్నిటికీ ‘ఎక్కువ’ అనే అర్థం.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. లాటినులో ‘ఎక్కువ’ అనడానికి ‘మగిస్’తో పాటు ‘ప్లుస్’ అనే మాట కూడా ఉంది. మనం లెక్కల్లో రాసే ప్లస్సు అదే. ‘మగిస్’ వాడుక ఎక్కడ మిగిలిందో పటం మీద గుర్తు పెట్టండి: పడమటి కొసన స్పెయిన్, పోర్చుగల్, తూర్పు కొసన రుమేనియా. నడుమనున్న ఇటలీ, ఫ్రాన్సుల్లో మాత్రం ‘ప్లుస్’ రాజ్యమేలింది. బావిలో రాయి వేస్తే అలలు ఒడ్డుకు పోయినట్టు, పాత మాట అంచులకు పోయి నిలిచింది. కొత్త మాట నడుమ పుట్టి అక్కడిదాకా చేరలేదు. పట్నంలో పోయిన మాటలు పల్లెల్లో దొరకడం మనకూ తెలిసిందే గదా!

మరి ఫ్రెంచివాడి ‘కాని’ ఎక్కడిది? అదీ ఈ ‘మగిస్’ నుంచే. ‘ఎక్కువ’ అనే మాట ‘కాని’ ఎట్లా అయిందని ఆశ్చర్యం కలుగుతుంది. ‘అతను కోపిష్టి కాడు, ఎక్కువపాలు మొండివాడు’ అని పదిసార్లు అనండి. కొన్నాళ్లకు ఆ ‘ఎక్కువపాలు’లో ఎక్కువ తగ్గిపోయి, ముందు చెప్పినదాన్ని కాదని తర్వాతి మాట ఎత్తుకొనే ముడి మాత్రం మిగులుతుంది. ఆ ముడే ఫ్రెంచి ‘మె’. ఇటలీలో ‘మ’ అన్నా అదే. మన ‘కాని’ ఇంకో దారిన వచ్చింది. ‘అగు’ ధాతువుకు వ్యతిరేకరూపం ‘కాని’ – ‘అవనిది’ అని అర్థం. వాళ్లు ‘ఎక్కువ’ అనే దారిన, మనం ‘కాదు’ అనే దారిన బయలుదేరి ఒకే చావడికి చేరామన్నమాట. ఫ్రెంచిలో పాత అర్థం పూర్తిగా చావలేదు. ‘ఎప్పుడూ లేదు’ అనడానికి వాడే ‘జమె’లోను, ‘ఇకమీదట’ అనడానికి వాడే ‘దెజోర్మె’లోను చివరనున్న ‘మె’ ఆ పాత ‘ఎక్కువ’ గారే. పోర్చుగీసులో ‘కాని’కి ‘మస్’ అనీ, ‘ఎక్కువ’కు ‘మైస్’ అనీ వేరువేరుగా రాస్తారు. బ్రెజిలులో చాలామంది రెంటినీ ఒకేలా పలుకుతారు. కాబట్టి అక్కడి బడిపిల్లలు ఒకదానికి బదులు ఇంకోటి రాసి పంతులుగారి ఎర్రసిరాకు పని కల్పిస్తుంటారు.

ఈ ‘మగిస్’ మనకు పరాయిది కాదు. లాటిను ‘మగ్నుస్’, గ్రీకు ‘మెగస్’, సంస్కృతం ‘మహత్’ – ఇవన్నీ ఒకే ధాతువు బిడ్డలని భాషాశాస్త్రజ్ఞులు ఏనాడో నిర్ధారించారు. మనం మహానగరం అన్నా, మెగాసిటీ అన్నా ఆ పాత మాటనే తలుస్తున్నాం. ఇంకా దగ్గరి చుట్టం ఒకటుంది. ‘మగిస్’ నుంచి లాటినులో ‘మగిస్తెర్’ పుట్టింది – ఎక్కువవాడు, అంటే అధికారి, గురువు. దానికి ఎదురుగా ‘మినుస్’, అంటే తక్కువ, అనే మాట నుంచి ‘మినిస్తెర్’ పుట్టింది – తక్కువవాడు, అంటే సేవకుడు. మొదటిది ఇంగ్లీషులో మాస్టరై, మన పల్లెల్లో మాస్టారయింది. రెండోది మినిస్టరయింది. వ్యుత్పత్తి ప్రకారం మన బడి మాస్టారు మంత్రిగారికంటే ఒక మెట్టు పైన కూర్చోవాలి. కార్లు, జెండాల సంగతి వ్యుత్పత్తిశాస్త్రం పరిధిలోకి రాదు.

ఇప్పుడు ఎస్తోనియాకు పోదాం. ఈ భాష యూరపులో ఉన్నా లాటినుకు గాని, జర్మనుకు గాని చుట్టం కాదు. ఫిన్లండు భాషకు చెల్లెలు. అయితే దీని నడక మనకు బాగా పరిచయమైనదిగా కనిపిస్తుంది. మనం నామానికి ‘లో’ తగిలించి ఇంటిలో, ఊరిలో అన్నట్టే వాళ్లు చివర ‘స్’ తగిలిస్తారు. ‘మై’ అంటే మే నెల. ‘మైస్’ అంటే మేలో. అంతే! ఆ నెల పేరు మాత్రం వాళ్లది కాదు. మనం ఇంగ్లీషు నుంచి ‘మే’ తెచ్చుకొన్నట్టు వాళ్లూ తెచ్చుకొన్నారు. రెండింటికీ మూలం రోమనుల ‘మాయుస్’ మాసం. ఆ పేరెందుకు వచ్చిందో రోమనులకే తేలలేదు. ఓవిడ్ కవి తన ‘ఫాస్తి’ కావ్యంలో మూడు కారణాలు చెప్పించాడు: మాయా అనే దేవత వల్లనని ఒకరు, పెద్దలనే అర్థమున్న ‘మాయోరెస్’ వల్లనని ఒకరు, ఘనతకు దేవత అయిన ‘మాయెస్తాస్’ వల్లనని ఒకరు. తమాషా ఏమంటే ఈ మూడింటినీ ‘గొప్ప’ అనే ఆ ధాతువుకే కలుపుతారు. కనుక ఎస్తోనియావాడి ‘మేలో’కు, ఫ్రెంచివాడి ‘కాని’కి, పోర్చుగీసువాడి ‘ఎక్కువ’కు, మన ‘మహా’కు మూలపురుషుడు ఒక్కడే కావాలి. పోలిక లేని ఆముదమూ బొమ్మజెముడూ చుట్టాలైనట్టే ఇవీను.

అదే ఎస్తోనియాలో అదే అక్షరాలతో రాసే ‘మక్కలు’ మాత్రం పూర్తిగా వేరు. అది నాగజెముడు. అమెరికా నుంచి వచ్చింది.

1492లో కొలంబస్ చేరిన కరీబియన్ దీవుల్లో తాయినో అనే జాతివారు ఉండేవారు. వాళ్లు ఈ గింజను ‘మహిజ్’ అనేవారు. స్పెయిన్‌వాళ్లు దాన్ని ‘మాయిస్’గా రాసుకొన్నారు. అక్కడినుంచి గింజా పేరూ కలిసి యూరపంతా పాకినవి. జర్మనుల ‘మైస్’, ఇటలీవారి ‘మాయిస్’, స్వీడనువారి ‘మైస్’, లిన్నేయస్ చీటీ మీది ‘మేస్’, ఇంగ్లీషు ‘మెయిజ్’ – అన్నీ ఇదే. ఫ్రెంచివాళ్లకు మాత్రం ఇబ్బంది వచ్చింది. ఆ నాలుగక్షరాలకు ‘కాని’ అనే అర్థం అప్పటికే స్థిరపడి ఉంది. అందుకని ‘ఐ’ అక్షరం మీద రెండు చుక్కలు పెట్టి, ‘మాఈస్’ అని పలుకుతారు. రెండు చుక్కలు తీసేస్తే మక్కచేను మాయమై ‘కాని’ మిగులుతుంది.

ఇక్కడ మా హాస్టలు చర్చల సంగతి ఒకటి చెప్పాలి. ‘మహిజ్’ అనగానే ఒక మిత్రుడు లేచి, “ఇందులో ఆలోచించేదేముంది? మహి అంటే భూమి. మహిజ అంటే భూమిలో పుట్టినది. ఇది మన సంస్కృతమే!” అన్నాడు. వినడానికి ఎంతో సొంపుగా ఉంది. కాని భూమిలో పుట్టనిది ఏ గింజ? వరి మాత్రం ఆకాశంలో పుట్టిందా? మనవాళ్లు ఈ గింజను ఏ కాలంలోనైనా మహిజ అని పిలిచారా? తెలుగువాళ్లు దీన్ని చూడగానే అంతకుముందే తెలిసిన జొన్నతో పోల్చి ‘మొక్కజొన్న’ అన్నారు. కర్ణాటకలో సోమనాథపురం గుడిలోని 13వ శతాబ్దపు శిల్పాల చేతుల్లో ఉన్నవి మక్క కంకులేనని 1989లో ఇద్దరు పరిశోధకులు వాదించారు. పురావస్తువేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. శిల్పం చేతిలోనిది పండు కావచ్చు, ముత్యాల గుత్తి కావచ్చు; నేలలో గింజ దొరికితే గదా సాక్ష్యం! మక్కల పుట్టిల్లు దక్షిణ మెక్సికోలోని బల్సాస్ నదీలోయ అని, సుమారు 9,000 ఏళ్ల కిందట ‘టియోసింటే’ అనే గడ్డిజాతి నుంచి అక్కడి రైతులు దాన్ని తయారుచేశారని జన్యుపరీక్షలు చెబుతున్నవి. టియోసింటే కంకికి పట్టుమని డజను గింజలుంటాయి, అవీ రాయిలాంటి పెంకులో. దాన్ని ఇప్పటి కంకిగా మార్చినవాళ్లు డిగ్రీలు లేని రైతులు. నాకీ విషయం తలచుకొంటే మహిజ వాదం కంటే ఎక్కువ గర్వంగా ఉంటుంది.

కొత్త గింజకు పేరు పెట్టడంలో ఒక్కో దేశానిది ఒక్కో తీరు. ఇటలీవారు వాడుకలో ‘టర్కీ ధాన్యం’ అన్నారు. టర్కీవారు ‘మిసిర్’ అంటారు – ఈజిప్టు అని అర్థం. ప్రతివాడూ పక్కవాడి మీదికి తోసినట్టుంది. మనం పరాయి చింతను ‘సీమచింత’ అన్నట్టే. ఇంగ్లీషులో ‘కార్న్’ అంటే ఏ ప్రాంతపు ముఖ్య ధాన్యం ఆ ప్రాంతానికి కార్న్. ఇంగ్లండులో గోధుమ, స్కాట్లండులో ఓట్లు. అమెరికా చేరాక అది మక్కలకు స్థిరపడింది.

లిన్నేయస్ కూడా ఇలాంటి పనే చేశాడు. ‘జియా’ అనేది గ్రీకులు ఒక రకం గోధుమకు పెట్టుకొన్న పాత పేరు. దాన్ని తెచ్చి అమెరికా మొక్కకు తగిలించాడు. ఈ జియా మన సంస్కృతపు ‘యవ’కు, అంటే యవలకు, చుట్టం. ‘య’ ఎక్కడ, ‘జ’ ఎక్కడ అనకండి. సంస్కృతంలో ‘యుగం’ అంటే మొదటి అర్థం కాడి – ఎద్దుల మెడమీద వేసేది. గ్రీకులో కాడి ‘జుగోన్’. మనం రోజూ వల్లించే జైగోట్ ఆ కుటుంబపు మాటే. రెండు కణాలు ఒక కాడికి కట్టబడినది. యవ–జియా, యుగం–జుగోన్: ఒకే సూత్రం రెండుచోట్ల పనిచేసింది. గాటు పెడితే పాలు కారడమంటే ఇదే. ‘మహిజ’ వాదానికి ఇలాంటి రెండో ఉదాహరణ ఒక్కటి చూపమనండి.

గింజతోపాటు పేరు సముద్రం దాటిందన్నాను. దాటనిది ఒకటుంది. మెక్సికో ప్రాంతపు ఆడవాళ్లు మక్కలను ఊరికే ఉడకబెట్టరు. సున్నపు నీళ్లలోనో బూడిద నీళ్లలోనో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు కడిగి నూరుతారు. మక్కల్లో నియాసిన్ అనే విటమిన్ ఉన్నా అది బంధించబడి ఉంటుంది, ఒంటికి పట్టదు. సున్నం ఆ బంధాన్ని విప్పుతుంది. వాళ్లకు నియాసిన్ పేరు తెలియదు, పద్ధతి తెలుసు. యూరపువాళ్లు గింజ తెచ్చుకొన్నారు, పేరు తెచ్చుకొన్నారు, వంట నేర్చుకోలేదు. ఉత్తర ఇటలీ, స్పెయిన్ పల్లెల్లో మక్కల అంబలి తప్ప ఇంకేమీ దొరకని కూలివాళ్లకు చర్మం మాడి పొరలుగా ఊడడం, విరేచనాలు, మతిచలించడం, చివరకు చావు. 1735లో స్పెయిన్‌లో కసాల్ అనే వైద్యుడు ఈ జబ్బును వర్ణించాడు. 1771లో ఇటలీవాడు ఫ్రపోల్లి ‘పెల్లాగ్రా’ – గరుకు చర్మం – అనే పేరును గ్రంథానికెక్కించాడు. ఇది అంటువ్యాధి కాదు, తిండిలో లోపమని అమెరికాలో గోల్డ్‌బెర్గర్ నిరూపించడానికి 20వ శతాబ్దం రావలసివచ్చింది. 1937లో ఎల్వేజెం ప్రయోగాలతో నియాసిన్ సంగతి తేలింది.

ఇది దూరదేశపు కథ మాత్రమే కాదు. 1960 ప్రాంతంలో హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో డాక్టర్ సి. గోపాలన్ బృందం జొన్నే ముఖ్యాహారంగా బతికే దక్కను పేదల్లో ఈ పెల్లాగ్రానే గుర్తించింది. మా బాపమ్మ మక్క గటకలో మజ్జిగ పోయనిదే ఎవరికీ పెట్టేది కాదు. గటక గొంతు దిగడానికి పోస్తుందనుకొనేవాళ్లం. పాలలోని ట్రిప్టోఫాన్ నుంచి మన శరీరం నియాసిన్ తయారుచేసుకొంటుందని ఇక్కడ బయోకెమిస్ట్రీలో చదివాను. పాడి లేని ఇంట్లో ఆ మజ్జిగ ఎక్కడిదన్నది బయోకెమిస్ట్రీ చెప్పే విషయం కాదు.

ఇక ఆ మాటను లోకానికిచ్చిన తాయినోల సంగతి. కొలంబస్ వచ్చిన యాభై అరవై ఏళ్లలోపే వెట్టిచాకిరితో, మశూచితో వాళ్లు గుంపులుగుంపులుగా రాలిపోయారు. వాళ్ల సంతతివాళ్లమని చెప్పుకొనేవారు ఆ దీవుల్లో ఇప్పటికీ ఉన్నారు గాని, ఆ భాష ఇంటిభాషగా లేకుండా పోయింది. మిగిలినవి ఇతరుల నోళ్లలో పడిన మాటలు. మహిజ్ ఒకటి. దూలానికి కట్టుకొనే ఉయ్యాలపడక – ‘హమాక్’ – ఒకటి. పడవకు ‘కనో’ ఒకటి. గాలివానకు వాళ్లు పెట్టుకొన్న పేరు ‘హురకాన్’. అది స్పానిషులో దూరి, ఇంగ్లీషులో హరికేన్ అయి, గాలికి ఆరని లాంతరుకు పేరై, కిరసనాయిలు డబ్బాలతో పాటు మన పల్లెలకొచ్చింది. మా పశువుల కొట్టంలో కొక్కేనికి ఇంకా ఒకటి వేలాడుతున్నది, చిమ్నీ పగిలింది. మా బాపు దాన్ని ‘అరికెన్’ అంటాడు.